డాక్టరు రిపోర్టులో, రాకెట్ వార్తలో ఇంగ్లీషు మాటల్ని విడగొట్టి అర్థం చేసుకోవడం ఎలా?

విజయవాడ సూర్యారావుపేటలో ఆసుపత్రి మెట్లు దిగినా, గుంటూరు కొత్తపేటలో స్కానింగ్ సెంటర్ నుంచి బయటికొచ్చినా చేతికి ఒక ఫైలు వస్తుంది. ఇంటికెళ్లాక ఆ కాగితం ఫొటో తీసి పంపి "ఇందులో ఏం రాశారో కాస్త చెప్పండి" అని అడిగేవాళ్లు ఎక్కువ. నీట్‌కు చదివే పిల్లలూ, నర్సింగ్ విద్యార్థులూ "ఈ పేర్లు బట్టీ కొట్టకుండా గుర్తుంచుకునే దారి లేదా" అంటారు. శ్రీహరికోటలో ప్రయోగం జరిగిన మర్నాడు పేపరు చదివి "పెరిజీ, అపోజీ అంటే ఏంటండీ" అని అడిగేవాళ్లూ ఉన్నారు.

ముగ్గురూ చేయాల్సిన పని ఒకటే: మాటను ముక్కలు చేయడం. వైద్యంలోని మాటలూ, అంతరిక్షంలోని మాటలూ చాలావరకు అవే గ్రీకు, లాటిన్ ముక్కలతో కట్టినవి. ఓ యాభై ముక్కలు చేతికి అలవాటైతే కొత్త మాట కనిపించినా బెదురుండదు.

ముందే ఒక హెచ్చరిక. దీంతో రిపోర్టు చదవడం వస్తుంది, వైద్యం రాదు. మాట అర్థమైంది కదా అని మందు ఆపడం, డోసు మార్చడం చేయకండి. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు సరైన ప్రశ్న అడగడానికి ఇది పనికొస్తుంది, అంతవరకే వాడుకోండి.

కావలసినవి

• ఇంట్లో ఉన్న పాత డిశ్చార్జి సమ్మరీ లేదా ల్యాబ్ రిపోర్టు. టైపు చేసింది తీసుకోండి, చేతిరాత చీటీ వద్దు.
• ఇస్రో వార్త ఉన్న పేపరు కటింగ్ ఒకటి.
• లాంగ్ నోట్‌బుక్, పెన్సిలు.
• మాట ఎక్కడ పుట్టిందో కూడా చెప్పే ఇంగ్లీషు డిక్షనరీ. ఫోన్‌లో చూసినా సరే. కొనాలనుకుంటే విజయవాడ లెనిన్ సెంటర్‌లోని పాత పుస్తకాల షాపుల్లో వెతకండి. అర్థం ఒక్కటే ఇచ్చే చిన్న డిక్షనరీ ఈ పనికి చాలదు.

అడుగు 1: స్పెల్లింగ్ చూసి రాసుకోండి, విన్నది రాయకండి

చాలామంది తప్పటడుగు ఇక్కడే వేస్తారు. "డాక్టరు గారు హైపో ఏదో అన్నారు" అని ఫోన్ చేస్తారు. హైపో అంటే తక్కువ, కింద. హైపర్ అంటే ఎక్కువ, పైన. హైపోగ్లైసీమియా అంటే రక్తంలో చక్కెర పడిపోవడం, హైపర్‌గ్లైసీమియా అంటే పెరిగిపోవడం. రెండింటికీ చేయాల్సింది పూర్తిగా వేరు. వినికిడిలో మాత్రం ఆ చివరి 'ర్' మింగుడుపడిపోతుంది. థైరాయిడ్ విషయంలోనూ ఇదే గొడవ.

ఇంకో జంట: ఇలియం. ఎల్ తర్వాత ఐ అక్షరం ఉంటే తుంటి ఎముక, ఈ అక్షరం ఉంటే చిన్నపేగు చివరి భాగం. చెవికి రెండూ ఒకటే, కాగితం మీదే తేడా తెలుస్తుంది. యురేటర్, యురెత్రా కూడా అంతే. మొదటిది కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చే గొట్టం, రెండోది మూత్రాశయం నుంచి బయటికి పోయే దారి. రాయి ఎక్కడ ఇరుక్కుందో చెప్పేటప్పుడు ఈ తేడా తెలియాలి.

అడుగు 2: తోక నుంచి మొదలుపెట్టండి

మన సమాసాన్ని విడదీసినట్టే అనుకోండి. రామబాణం అంటే రాముడు కాదు, బాణం. అసలు విషయం చివర్లో ఉంటుంది. వైద్యం మాటల్లోనూ చివరి ముక్కే "ఇది జబ్బా, ఆపరేషనా, పరీక్షా" అన్నది తేల్చేస్తుంది. నోట్‌బుక్‌లో మొదటి పేజీ ఈ తోకలకు ఇవ్వండి:

• ఐటిస్ – వాపు, మంట. గ్యాస్ట్రైటిస్, హెపటైటిస్, ఆర్థ్రైటిస్.
• ఎక్టమీ – కోసి తీసేయడం. అపెండెక్టమీ, హిస్టరెక్టమీ.
• ఓటమీ – కోయడం మాత్రమే. ల్యాపరాటమీ అంటే పొట్ట కోసి తెరవడం.
• ఆస్టమీ – కోసి దారి పెట్టడం. కొలాస్టమీ, ట్రకియాస్టమీ.
• స్కోపీ – లోపలికి చూడటం. ఎండోస్కోపీ, కొలనోస్కోపీ.
• గ్రామ్ – గీసిన బొమ్మ, రాత. టెలిగ్రామ్‌లో ఉన్నదీ ఇదే.
• ప్లాస్టీ – సరిచేసి ఆకారం ఇవ్వడం.
• ఈమియా – రక్తంలో. యూరియా – మూత్రంలో (హెమటూరియాలో ఉన్నట్టు, పొలానికి వేసే యూరియా వేరే మాట, అది పదార్థం పేరు).
• ఆల్జియా – నొప్పి. మయాల్జియా అంటే కండరాల నొప్పి.
• ఓమా – గడ్డ, వాపు. దీని గురించి కింద విడిగా చెబుతాను.

ఎక్టమీ, ఓటమీ, ఆస్టమీ మూడూ కలగాపులగం కాకుండా పక్కపక్కనే రాసుకోండి. నర్సింగ్ పిల్లలు పరీక్షల్లో మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే.

గ్రామ్, ప్లాస్టీల తేడా ఇళ్లలో ఎంత గందరగోళం చేస్తుందో చూడండి. "బాబాయికి యాంజియో చేశారంట" అంటారు. యాంజియో అంటే రక్తనాళం, అంతే. యాంజియోగ్రామ్ అయితే నాళాల్ని బొమ్మ తీసి చూశారు. యాంజియోప్లాస్టీ అయితే పూడిన నాళాన్ని తెరిచారు, చాలాసార్లు స్టెంటు కూడా వేస్తారు. మొదటిది పరీక్ష, రెండోది చికిత్స. తోక వదిలేసి మాట్లాడితే ఆయనకు పరీక్ష జరిగిందో చికిత్స జరిగిందో అవతలివాళ్లకు తెలియదు. రేపు ఇంకో ఊళ్లో ఇంకో డాక్టరుకు చెప్పాల్సి వచ్చినప్పుడు ఇది చాలా ముఖ్యం. అందుకే ఫైలులోని మాటను పూర్తిగా రాసి పెట్టుకోండి.

అడుగు 3: తల చూడండి

తలలు తక్కువే. హైపో, హైపర్ చెప్పుకున్నాం. ఎండో అంటే లోపల, పెరి అంటే చుట్టూ లేదా దగ్గర, టాకీ అంటే వేగం, బ్రాడీ అంటే నెమ్మది, పాలీ అంటే చాలా, డిస్ అంటే సరిగా లేకపోవడం, ఆ లేదా అన్ అంటే లేకపోవడం.

ఆ చివరిదానితో జాగ్రత్త. అనీమియాను ముక్కలు చేస్తే "రక్తం లేకపోవడం" అని వస్తుంది. నిజానికి హిమోగ్లోబిన్ తగ్గడమే అనీమియా. ముక్కల అర్థం దారి చూపిస్తుంది, కొలత చెప్పదు. కొలత కోసం పక్కన ఉన్న అంకె చూడాలి.

అడుగు 4: నడుమ ఉన్నది ఏ అవయవమో పట్టుకోండి

ఇక్కడ ఒక చిక్కుంది. ఒకే అవయవానికి గ్రీకు పేరు, లాటిన్ పేరు రెండూ వాడతారు. కిడ్నీకి నెఫ్రో అనీ రీనల్ అనీ, ఊపిరితిత్తికి న్యుమో అనీ పల్మనరీ అనీ. నెఫ్రాలజిస్టు రాసిన చీటీలో రీనల్ అని ఉందేంటి అని కంగారు పడక్కర్లేదు, రెండూ కిడ్నీయే. నోట్‌బుక్‌లో అవయవం తెలుగు పేరు మధ్యలో రాసి, అటూ ఇటూ ఈ రెండు పేర్లూ రాయండి.

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. గ్రీకు, లాటిన్, సంస్కృతం ఒకే పాత భాషా కుటుంబం నుంచి వచ్చినవి. సంస్కృతం మాటలు మన నోట్లో ఎటూ నానుతున్నాయి. అస్థి – ఆస్టియో, దంతం – డెంటల్, నాసిక – నేసల్, హృదయం – కార్డియో, పాదం – పెడల్. ఆజానుబాహువులోని జానువు, అంటే మోకాలు, లాటిన్‌లో జెను. కండరాన్ని మజిల్ అంటున్నారే, అది లాటిన్ మస్కులస్, "చిట్టెలుక". చర్మం కింద కండ కదిలితే ఎలుక కదిలినట్టుందని ఆ పేరు. అందులోని ఎలుకా, మన మూషికమూ చుట్టాలే.

చుట్టాలు అన్నాను, తల్లీబిడ్డలు అనలేదు. "ఇంగ్లీషు నావిగేషన్ మన నవగతి నుంచి వచ్చింది" అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. అది తప్పు. లాటిన్‌లో నావిస్ అంటే ఓడ, అగెరె అంటే నడపడం, ఆ రెండూ కలిసి నావిగేషన్ అయింది. లాటిన్ నావిస్, సంస్కృతం నౌ ఒకే తల్లి బిడ్డలు. గుర్తుంచుకోవడానికి ఈ చుట్టరికం వాడుకోండి, గొప్పలకు వాడకండి.

అడుగు 5: వెనక నుంచి ముందుకు కలిపి చదవండి

డిశ్చార్జి సమ్మరీల్లో తరచూ కనిపించే ఒక లైను తీసుకుందాం: "కోలిలిథియాసిస్‌కు లాప్రోస్కోపిక్ కోలిసిస్టెక్టమీ చేశారు."

మొదట కోలిసిస్టెక్టమీ. తోక ఎక్టమీ: తీసేశారు. నడుమ సిస్ట్: సంచి. తల కోలి: పైత్యరసం. పైత్యరసం సంచిని తీసేశారు, అంటే గాల్‌బ్లాడర్ తీసేశారు. ఎందుకు? కోలి – పైత్యరసం, లిథ్ – రాయి, ఇయాసిస్ – ఉన్న స్థితి. గాల్‌బ్లాడర్‌లో రాళ్లు. ఎలా తీశారు? ల్యాపరో – పొట్ట, స్కోప్ – చూసే పరికరం. చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి.

ఇప్పుడు ఈ ముక్కల్నే ఇంకో చోట వాడండి. లిథోట్రిప్సీ అంటే? రాయి, నలగ్గొట్టడం. కొలెస్టరాల్? పైత్యరసం, గట్టిది, మొదట దాన్ని గాల్‌బ్లాడర్ రాళ్లలో కనుక్కున్నారు. ఒక మాట విప్పితే నాలుగు మాటలు చేతికొస్తాయి. బట్టీ కొట్టే పిల్లలకు ఈ పద్ధతి నేర్పాలన్న నా తాపత్రయం అందుకే.

అడుగు 6: అవే ముక్కల్ని ఆకాశానికి పట్టుకెళ్లండి

ఇప్పుడు పేపరు కటింగ్ తీయండి. పెరి అంటే దగ్గర, జీ అంటే భూమి. పెరిజీ అంటే ఉపగ్రహం భూమికి అతి దగ్గరగా వచ్చే చోటు, అపోజీ అతి దూరంగా పోయే చోటు. గుండె చుట్టూ ఉండే పొర పెరికార్డియం, అందులో ఉన్నదీ అదే పెరి.

ఈ పేజీని నోట్‌బుక్‌లో రెండు నిలువు వరుసలుగా చేయండి: ఆసుపత్రి, ఆకాశం.

నెబ్యులా అంటే లాటిన్‌లో పొగమంచు, మబ్బు. ఆకాశంలో వాయువు, ధూళి మేఘం నెబ్యులా. ఆయాసం వచ్చినవాళ్లకు మందును మంచులా చేసి పీల్పించేది నెబ్యులైజర్. మన నభం దీనికి చుట్టం. గ్రీకులో గాలా అంటే పాలు, అందుకే పాలపుంత గెలాక్సీ. ప్రసవంతో సంబంధం లేకుండా పాలు కారితే గెలాక్టోరియా అని రాస్తారు. ఆర్బిట్ అంటే చక్రం నడిచిన జాడ. ఉపగ్రహం తిరిగే కక్ష్యకూ, కన్ను కూర్చునే ఎముక గూటికీ అదే పేరు. సీటీ స్కాన్ రిపోర్టులో ఆర్బిట్స్ అని ఉంటే కళ్ల గూళ్ల గురించి రాశారన్నమాట. క్యాప్సూల్ అంటే చిన్న పెట్టె, మందు పెట్టినా మనిషిని కూర్చోబెట్టినా. గ్రావిస్ అంటే బరువు: అక్కడ గ్రావిటీ, ఇక్కడ కేస్ షీట్‌లో ప్రైమీగ్రావిడా, తొలి చూలు. మనం "ఒట్టి మనిషి కాదు" అంటామే, వాళ్లు "బరువైన మనిషి" అన్నారు. గ్రీకు నౌస్ అంటే ఓడ: ఆస్ట్రోనాట్ అంటే నక్షత్రాల నావికుడు, ఓడెక్కితే వచ్చే వికారం నుంచి పుట్టింది నాసియా, డోకు వచ్చినట్టుండటం. వ్యోమగాములకు మొదటి రోజుల్లో ఇది చాలామందికి వస్తుంది కాబట్టి రెండు మాటలూ అంతరిక్షంలో మళ్లీ కలుసుకుంటున్నాయి.

కరోనా అంటే కిరీటం. గుండెను కిరీటంలా చుట్టుకున్న నాళాలు కరోనరీ ఆర్టరీలు. వైరస్ చుట్టూ ముళ్లు కిరీటంలా కనిపించాయని ఆ పేరు. సూర్యుడి చుట్టూ ఉండే వెలుగు వలయమూ కరోనాయే. సూర్యుణ్ని పరిశీలించడానికి 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య ఎల్1లో ముఖ్యమైన పరికరం కరోనాగ్రాఫ్. ఈ గ్రాఫ్ మన గ్రామ్‌కు చుట్టమే, రెండో అడుగు చేసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

గుంటూరు వాళ్లు తప్పక రాసుకోవాల్సిన మాట హీలియం. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ గుంటూరులోనే మకాం పెట్టి, సూర్యుడి అంచున లేచే జ్వాలల కాంతిని విడగొట్టి చూశాడు. గ్రహణం లేని రోజున కూడా ఆ జ్వాలల్ని చూడొచ్చని ఇక్కడే గ్రహించాడు. అదే ఏడాది ఇంగ్లండులో నార్మన్ లాక్యర్ సూర్యకాంతిలోని ఒక పసుపు గీతను పరిశీలించి, భూమ్మీద తెలియని కొత్త మూలకం ఉందన్నాడు. సూర్యుడికి గ్రీకు పేరు హీలియోస్, దాన్నుంచి హీలియం. విలియం రామ్సే 1895లో దాన్ని భూమ్మీద పట్టుకున్నాడు. ఈరోజు కొత్తపేటలో ఎమ్మారై తీయించుకుంటే, అలాంటి యంత్రాల్లో చాలావాటి అయస్కాంతాన్ని చల్లబరిచేది ద్రవ హీలియమే.

అడుగు 7: పుట్టుకనూ నేటి అర్థాన్నీ విడివిడిగా రాయండి

పుట్టుక ఆనాటివాళ్లు ఏమనుకున్నారో చెబుతుంది. వాళ్లు అనుకున్నది తప్పు కావచ్చు. హీలియంలోని ఆ 'ఇయం' తోక లోహాలకు పెట్టేది. అది లోహమనుకున్నారు, తీరా చూస్తే వాయువు. మలేరియా అంటే ఇటాలియన్‌లో చెడు గాలి. అది దోమతో వస్తుందని రొనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాదులో దోమ కడుపులో క్రిమిని చూసి రుజువు దొరకబుచ్చుకునేదాకా ఆ నమ్మకం సాగింది. ఇన్‌ఫ్లుయెంజా అంటే ప్రభావం, అదీ నక్షత్రాల ప్రభావం. ఆర్థోపెడిక్స్‌ను విడగొడితే "నిటారు, బిడ్డ" అని వస్తుంది. నికొలాస్ ఆండ్రీ 1741లో పిల్లల వంకర్లు సరిచేయడం గురించి ఆ మాట కట్టాడు. ఇప్పుడు మోకాలి నొప్పితో వెళ్లే తాతగారు కూడా ఆ డాక్టరు దగ్గరికే వెళ్తారు.

కొన్ని పుట్టుకలు మాత్రం నేటికీ నికరంగా ఉన్నాయి. లాటిన్‌లో వక్కా అంటే ఆవు. 1796లో ఎడ్వర్డ్ జెన్నర్ ఆవుల మశూచితో చేసిన ప్రయోగం నుంచి వ్యాక్సిన్. ఇన్సులా అంటే దీవి. క్లోమంలో దీవుల్లా ఉన్న కణాల గుంపుల్లో తయారవుతుంది కనుక ఇన్సులిన్. ఫోలియం అంటే ఆకు. పాలకూర నుంచి తీశారు కనుక ఫోలిక్ ఆమ్లం. దాన్ని ప్రయోగశాలలో తయారు చేసిన అమెరికా మందుల కంపెనీ లెడర్లీ పరిశోధనలకు నాయకత్వం వహించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

తరచూ జరిగే పొరపాట్లు

ఓమా చూసి కేన్సర్ అని వణికిపోవడం. ఇదే అన్నిటికన్నా ఎక్కువ బాధపెడుతుంది. లైపోమా కొవ్వు గడ్డ, సాధారణంగా హానిలేనిది. హెమటోమా రక్తం గడ్డకట్టి చేరడం. గ్లకోమా కంటి జబ్బు, నీటికాసులు. అసలు గడ్డే కాదు. కార్సినోమా, సార్కోమా లాంటి కేన్సర్ పేర్లు ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరును కలవండి.

క్రానిక్ అంటే తీవ్రం అనుకోవడం. క్రోనోస్ అంటే కాలం. చాలాకాలంగా ఉన్నది అని మాత్రమే. అక్యూట్ అంటే హఠాత్తుగా వచ్చింది.

అన్‌రిమార్కబుల్ అని ఉంటే "పట్టించుకోలేదా" అని కోప్పడటం. అక్కడ చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదని, అది మంచి మాటే.

డయాబెటిస్ అని కనిపించగానే షుగర్ అనుకోవడం. ఆ మాటకు అర్థం "గుండా పారిపోయేది", అంటే అతిమూత్రం. మెల్లిటస్ అంటే తేనెలా తీపి, అది షుగర్. ఇన్సిపిడస్ అంటే చప్పనిది, అది వేరే జబ్బు, చక్కెరతో సంబంధం లేదు.

తప్పు చోట కోయడం. హెలికాప్టర్‌ను హెలి, కాప్టర్ అని కోసి "సూర్యుడు" అనేస్తారు. అసలు కోత హెలికో, ప్టర్: మెలిక, రెక్క. గ్యాస్ట్రిక్ బయాప్సీలో కనిపించే హెలికోబ్యాక్టర్ కూడా అలాగే, మెలిక తిరిగిన బ్యాక్టీరియా. అంగారకుడి మీద 2021 ఏప్రిల్ 19న ఎగిరిన చిన్న హెలికాప్టర్ ఇన్‌జెన్యుయిటీకీ, కడుపులో ఆ క్రిమికీ ఉన్నది మెలికే.

ఆర్టీరియో, ఆర్థ్రో, అథెరో కలిపేయడం. వరసగా ధమని, కీలు, జావ. అథెరోస్క్లెరోసిస్ అంటే నాళంలో జావలాంటిది పేరుకుని గట్టిపడటం.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చూసుకోవాలి?

మీకు వచ్చిన అర్థాన్ని అదే వాక్యంలో పెట్టి చదవండి. కిడ్నీ స్కాన్‌లో మీకు చెవి గురించి అర్థం వస్తే కోత తప్పింది. తర్వాత అవే ముక్కలున్న ఇంకో రెండు మాటలు వెతకండి. ముక్క అన్నిచోట్లా అదే అర్థం ఇస్తే నిలబడినట్టు. ఆఖరున డిక్షనరీలో పుట్టుక చూడండి.

కథ మరీ అందంగా ఉంటే డిక్షనరీ చూసేదాకా నమ్మకండి. శవాన్ని కెడావర్ అనడానికి "పురుగులకు ఇచ్చిన మాంసం" అనే లాటిన్ మాటల మొదటి అక్షరాలు కారణమని మెడికల్ కాలేజీల్లో చెప్పుకుంటారు. నిజానికి అది "పడిపోవడం" అనే లాటిన్ క్రియ నుంచి వచ్చింది. న్యూస్ అంటే నాలుగు దిక్కుల పేర్లన్నది కూడా ఇలాంటిదే. కొత్తవి అని మాత్రమే.

ఇంగ్లీషు చదవలేని పెద్దవాళ్లకు చెప్పాల్సి వస్తే ముక్కలు వద్దు. ఒక కాగితం మీద తెలుగులో మూడు లైన్లు రాసివ్వండి: ఏ అవయవం, ఏమైంది, ఏం చేశారు. అసలు ఫైలు పారేయకుండా దాంతోపాటే పెట్టండి.

సాధన

ఇవి విడగొట్టి చూడండి: నెఫ్రోలిథియాసిస్, ఎండోకార్డైటిస్, ఆర్థ్రోస్కోపీ, ప్రొటీనూరియా, పెరిహీలియన్.

జవాబులు: కిడ్నీలో రాళ్లు; గుండె లోపొర వాపు; కీలులోకి కెమెరాతో చూడటం; మూత్రంలో ప్రొటీన్ పోవడం; భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చే చోటు, ఏటా జనవరి మొదటి వారంలో. చివరిది చేసేటప్పుడు హీలియం గుర్తొచ్చి ఉండాలి. మూడుకంటే తక్కువ సరిగ్గా వస్తే తోకల పేజీ మళ్లీ చేతితో రాసి, మీ సొంత రిపోర్టులోంచి ఇంకో ఐదు మాటలు తీసుకోండి.